వేలు పెట్టని బండి

ఈ నాలుగు మాటలు చదవబోతున్న పెద్దలకూ, పిన్నలకూ, బంధువర్గానికీ, ముఖ్యంగా పాకాల బజారులో మందులంగడి మెట్లెక్కిన ప్రతి జలుబుకూ ప్రతి దగ్గుకూ ముందుగా నా సాష్టాంగ క్షమాపణలు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కళ్లు చెమర్చాలి, గొంతు పూడుకుపోవాలి, ఆయన లేని లోటు తీరనిదని కనీసం రెండుసార్లయినా అనాలి. ఆ పద్ధతి నాకు తెలుసు. కాలేజీలో సంతాప తీర్మానాలన్నీ నాచేతే రాయించేవారు. కానీ ఈసారి చేతకావడం లేదు. నేను ఇక్కడ వడ్డించబోయేది కల్తీలేని కడుపుమంట. క్షమించగలరు. క్షమించకపోయినా రాస్తాను.

ఆ మందులంగడి నడిపిన మా మేనమామ పోయిన సంగతి అమ్మ ఫోనులో చెప్పింది. నేను చిత్తూరులో, ఆఫీసులో ఉన్నాను.

"మీ మామ పోయినాడురా. పొద్దున కాఫీ తాగి పండుకున్నాడంట. ఇంగ లేయలేదంట."

"అయ్యో" అనాలి కదా. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఇంజను యాడుండాది?"

అమ్మ, "నీ మొగం మండ, ముందు బస్సెక్కి రా," అని ఫోను పెట్టేసింది.

ఆ తిట్టు న్యాయమైనదే. అయితే ఆ ఇంజను ఏమిటో తెలిశాక మీరు నన్ను అమ్మ తిట్టినంతగా తిట్టరని ఆశ.

అరచేతిలో ఇమిడే ఇంజను అది. ఒళ్లు పౌడరు డబ్బా రేకు. గుండె, పాడైపోయిన వాక్‌మన్ లోంచి పీకిన మోటారు. పేగులు, పాత గడియారం పళ్లచక్రాలు. కాళ్లు, తిరుపతిలో లేతు పట్టించిన నాలుగు ఇత్తడి చక్రాలు. బొటనవేలు పట్టేంత ఎడంతో రెండు సన్నటి పట్టాలు, ఒక మూల ఇంటి కరెంటును తగ్గించి పట్టాలకిచ్చే బ్యాటరీ ఎలిమినేటరు. మామ దాన్ని "చిన్నది" అనేవాడు. ఏ చిన్నదో తెలియని చుట్టాలు మొదట్లో కంగారుపడేవారు.

అది నారో గేజి ఇంజను నమూనా. రైళ్ల కుటుంబంలో పట్టాల ఎడాన్ని బట్టి బ్రాడ్ గేజి పెద్దన్న, మీటరు గేజి నడిమోడు, నారో గేజి కడగొట్టు పిల్ల. మామ చిన్నప్పుడు ఎక్కడో ఒక చక్కెర ఫ్యాక్టరీ ఆవరణలో చెరుకు పెట్టెలు లాగే నారో గేజి ఇంజను చూశాడట. నిజంగానే చూశాడో, చూశానని చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడో నాకు తెలియదు. ఒకసారి చెప్పినప్పుడు దాని రంగు పచ్చ, ఇంకోసారి చెప్పినప్పుడు ఎరుపు. అడిగితే, "ఎండలో పచ్చగా, నీడలో ఎర్రగా ఉండేదిరా," అనేవాడు. బీఫార్మసీ చదివిన మనిషి.

పాకాల జంక్షన్‌లో మీటరు గేజి పట్టాలు పీకి పెద్ద లైను వేస్తున్న ఏళ్లవి. ఊరంతా సంబరపడుతుంటే మామ అంగడి గట్టు మీద నిలబడి, "ఆళ్లు పట్టాలు ఎంత ఎడం జేస్తే నేను అంత దగ్గర జేస్తా, సూడు," అన్నాడు. రైల్వే శాఖ ఈ సవాలును పట్టించుకున్నట్టు నాకు ఆధారాలేమీ దొరకలేదు.

ఇలాంటి బుల్లి ఇంజన్లకు ఒక పుట్టురోగం ఉంది: ఆగిపోవడం. కరెంటు పట్టాల్లోంచి చక్రాల్లోకి, చక్రాల్లోంచి మోటారులోకి పోవాలి. పెద్ద ఇంజను నమూనాలకు బోలెడు చక్రాలు కాబట్టి రెండు మూడు అలిగినా మిగతావి సంసారం నెట్టుకొస్తాయి. దీనికి ఉన్నవే నాలుగు. పట్టా మీద ఇంత దుమ్ము, ఇంత జిడ్డు ఉన్నా, ఒక చక్రం వెంట్రుకవాసి పైకి లేచినా, బండి ఉన్నచోట నిలబడిపోతుంది. అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? వేలితో చిన్నగా నెడతారు. అది కదులుతుంది. అందరూ సంతోషిస్తారు.

మామ అంగడిలో అది మహాపాతకం. "ఏలు పెట్టొద్దు!" అని అరిచేవాడు, చెయ్యి అటు చాస్తే చాలు. "ఏలు పెట్టి నడిపితే అది బొమ్మ. పెట్టకుండా నడిస్తేనే బండి."

మా కుటుంబంలో ఆయన వేలు పెట్టని వ్యవహారం లేదు. నేను ఏ గ్రూపు చదవాలో ఆయనే చెప్పాడు. మా ఇంటి వాకిలి ఏ వైపు ఉండాలో ఆయనే తేల్చాడు. అలాంటి మనిషి ప్రపంచంలో ఒకే ఒక్కచోట వేలు నిషేధించాడు. అది సరిగ్గా నా వేలు దురద పెట్టే చోటు.

అంగడిలో మందుల బల్ల వెనకే పలక మీద పట్టాలు పరిచి ఉండేవి. పొద్దున్నే షట్టరు ఎత్తగానే దేవుడికి దండం, వెంటనే దూదికి స్పిరిట్ అద్ది పట్టాలు తుడవడం. చెవి పుల్లతో చక్రాల అంచులు. సూదిమందు వేసే సిరంజిలో కుట్టు మిషను నూనె ఎక్కించి పళ్లచక్రాలకు ఒక్కో చుక్క. ఆ చుక్క పడేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. ఎదురుగా మనుషులు నిలబడి ఉన్నా సరే.

ఒకసారి ఒక అవ్వ వచ్చింది. "అప్పా, తలనొప్పి మాత్ర ఇయ్యి."

"ఉండవ్వా, దీనికి సూదేస్తా ఉండా."

"దానికేమొచ్చిందప్పా?"

"మలుపు కాడ మూలుగుతా ఉండాది."

"నేను ఈడ వాకిట్లోనే మూలుగుతా ఉండాను. నేను మనిషిని గాదా? నాకూ రెండు సక్రాలు పెట్టు, నీ కంటికి ఆనతాను."

మామ పడీపడీ నవ్వాడు. మాత్ర ఇచ్చాడు. కానీ చుక్క వేశాకే ఇచ్చాడు. అవ్వ ఆ మాత్ర అక్కడే మింగి, ఇంజను ఒక చుట్టు తిరిగేదాకా చూసి, "బాగుండాదిలే, నాకన్నా నయం," అని వెళ్లింది.

ఆయన మాటల్లో నాకు గుర్తున్నది ఇంకొకటి ఉంది. "ఆగినాక తుడిచేవోడు పనోడు గాదు అల్లుడా. ఆగకముందే తుడవల్ల." మా కాలేజీలో ఒక సెమిస్టరంతా ఇదే సంగతి పెద్ద పెద్ద మాటల్లో చెప్పారు. అక్కడ నాకు ఎక్కలేదు. ఇక్కడ ఎక్కింది కానీ ఒప్పుకోలేదు.

నేను ఊరుకున్నానా? తిరుపతి ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదువుతున్నవాణ్ని. రెండో ఏడు సెలవుల్లో నేనూ ఒక ఇంజను చేశాను. మోటారు కొత్తది, చక్రాలు కొత్తవి, రంగు కారుకు వేసే రంగు. బరువుంటే చక్రాలు పట్టాలకు బాగా ఆనుతాయని పుస్తకంలో చదివి, కడుపునిండా సీసం పోశాను. మామ దాన్ని చేతిలోకి తీసుకుని, చెయ్యి కొంచెం కిందికి దిగేసరికి, "ఓహో, ఐరావతం!" అన్నాడు. ఆ పేరు దానికి అక్కడే ఖాయమైపోయింది.

పోటీ పెట్టాం. బడిలో స్లో సైకిల్ రేసు ఉంటుంది కదా, అలాంటిదే. ఎవరి ఇంజను ఆగకుండా నిదానంగా నడిస్తే వాళ్లది గెలుపు. "స్పీడుగా ఎవుడైనా పోతాడు. నడక సూపించు," అన్నాడు మామ. చిన్నది గర్భిణీస్త్రీ మెట్లు దిగినట్టు దిగింది మలుపులో. నా ఐరావతం వేగం తగ్గించగానే నిలబడింది. అటు తిప్పితే దూకుతుంది, ఇటు తిప్పితే నిద్రపోతుంది. అమ్మ అప్పుడు అక్కడే ఉంది. కన్నతల్లి కదా, కొడుకు పక్షం ఉంటుందనుకున్నాను.

"మా తమ్ముడు చిన్నప్పట్నుంచీ అంతేరా, వాని సెయ్యి పడితే గడియారం కూడా మాట ఇంటాది. నువ్వు బాగా సదువుకో," అంది.

చదువుకోవడం, ఐరావతం ఉన్నవాడికి ఇచ్చే ఓదార్పు బహుమతి.

నన్ను అసలు తినేసినది ఓటమి కాదు. ఆ ఇంజను నడుస్తున్నప్పుడు మామ దానివైపు చూడనే చూడడు. బిల్లు రాస్తుంటాడు, దగ్గుమందు కలిపి ఊపుతుంటాడు. వెనక అది తిరుగుతూనే ఉంటుంది. నేను నా ఇంజను నడిపినంతసేపూ కళ్లు పట్టాలకు అతికించుకుని, ఎక్కడ ఆగుతుందోనని చస్తూ ఉంటాను. వెన్ను తిప్పి నిలబడగల ఆ ధీమా ఉంది చూశారూ, అది నాకు కావాలి. అది ఎక్కడా అమ్మరు.

ఇక పలమనేరు. అత్త, అంటే మామ భార్య, పుట్టిల్లు పలమనేరు. దసరాకు వాళ్లింట్లో బొమ్మల కొలువు పెడతారు. ఒక ఏడు కొలువు మెట్ల కింద పట్టాలు పరిచి, చిన్నదాన్నీ ఐరావతాన్నీ ఒకదాని వెనక ఒకటి నడపాలని పిలుపు వచ్చింది. నేను దీక్షగా సిద్ధమయ్యాను. కుట్టు మిషను నూనె మరీ పల్చన, చిందిపోతుంది, దీన్ని వాడి వాడి మామ పాతకాలంలో ఉండిపోయాడని నా అభిప్రాయం. పళ్లచక్రాలకు శుభ్రంగా కొబ్బరినూనె పట్టించాను. పాకాలలో ఆ మధ్యాహ్నం ఐరావతం వెన్నలో వేలు దిగినట్టు నడిచింది. మామ చూసి ఏమీ అనలేదు. అది చూసి నేను గెలిచాననుకున్నాను.

మర్నాడు పలమనేరులో సన్నటి ముసురు. పాకాలలో చెమట పట్టే రోజుల్లో కూడా అక్కడ దుప్పటి వెతుక్కోవాలి. వాయనాలకు వచ్చిన ఆడవాళ్లు హాలు నిండా కూర్చున్నారు. అత్త కొలువు ముందు అగరొత్తుల గుత్తి వెలిగించి పెట్టింది. మామ అది తీసుకెళ్లి కిటికీ దగ్గర పెట్టాడు. అత్త మళ్లీ తెచ్చి పెట్టింది. మామ మళ్లీ తీసుకెళ్లాడు.

"అమ్మవారి ముందర పెట్టనీవా నన్ను?" అంది అత్త.

"ఆయమ్మకు అంత పెద్ద ముక్కుండాది. ఆడనుంచి పీల్చుకుంటాదిలే."

నాకు ఒళ్లు మండింది. పండుగనాడు కూడా పెళ్లాం మీద తన మాటే నెగ్గాలి, ఎంత పొగరు అనుకున్నాను. ఆ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

చిన్నది బయల్దేరింది. అంగడి పెట్టుకు కూర్చున్న చెట్టియారు బొమ్మను దాటింది, దశావతారాలను దాటింది. దాని వెనక ఐరావతాన్ని పట్టాల మీద పెట్టాను. మోటారు "గుంయ్" అంది, చక్రం కదల్లేదు. కరెంటు ఇంకొంచెం పెంచాను. "గుంయ్య్" అంది. ఒకావిడ జాలిగా, "పాపం, ఆ వెనక బండికి పెట్రోలు అయిపోయినట్టుండాదే," అంది. మామ వచ్చి ఐరావతాన్ని ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఆయన ముఖంలో పండుగ వచ్చింది.

"అల్లుడా," అన్నాడు, హాలంతా వినేలా. "నూనె పెట్టినావు సరే. తల దువ్వేది మర్సిపోయినావే!"

కొబ్బరినూనె చలికి గడ్డకడుతుందని ఆ హాల్లో ఉన్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. రోజూ పొద్దున సీసా ఎండలో పెట్టుకునేవాళ్లే. ఒక్క ఎలక్ట్రికల్ ఇంజనీరుకే తట్టలేదు. వాళ్లు నవ్విన నవ్వుకు కొలువులో బొమ్మలు కూడా ఊగాయని నా అనుమానం.

వంటింట్లోకి పారిపోయి, పొయ్యి పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని ఐరావతాన్ని వెచ్చబెట్టుకున్నాను. అక్కడ నేల పాత బండలు, ఎగుడుదిగుడు. పక్కన నాలుగు కాళ్ల స్టూలు టకటకా ఊగుతోంది. నా పీట మాత్రం కదలడం లేదు. మూడు కాళ్లు కాబట్టి ఎక్కడ పెట్టినా మూడూ ఆనుతాయి. అప్పుడు తట్టింది: ఇంజను వెనక ఇరుసును గట్టిగా బిగించి, ముందు ఇరుసును మధ్యలో మూడో కాలులాంటి ఒక్క మేకు మీద నిలిపి అటూ ఇటూ ఊగనిస్తే? పట్టా ఎలా ఉన్నా నాలుగు చక్రాలూ ఎప్పుడూ ఆనే ఉంటాయి. సీసం అక్కర్లేదు. వేలు అక్కర్లేదు.

పరిగెత్తుకుంటూ వెళ్లి చెప్పాను. మామ వక్క నములుతూ విన్నాడు.

"మూడు కాళ్ల ఇంజనా? కుంటిదాన్ని జేస్తావా ఏంది దాన్ని? నువ్వు ముందు పోయి సెయ్యి కడుక్కో, జిడ్డు."

మళ్లీ అందరూ నవ్వారు. నేను ఊరికి వచ్చి రోషంతో ఐరావతాన్ని చెప్పుల పెట్టెలో పెట్టి మూత వేసేశాను. ఆయన మీద కక్ష తీర్చుకోవడానికి నాకు దొరికిన మార్గం అదొక్కటే. తర్వాత ఉద్యోగం వచ్చింది. దసరాకు వెళ్లినా చేతులూపుకుంటూ వెళ్లేవాణ్ని. చిన్నది మాత్రం మరుసటి ఏడు నుంచి ఇంకా రెచ్చిపోయింది. అతుకుల మీద తూలకుండా, మలుపుల్లో మూలగకుండా, చూస్తే కడుపు కాలేంత నిదానంగా. "ఏం చేశావు మామా?" అని అడిగితే, "సెయ్యి మంచిదప్పా," అని అరచెయ్యి చూపించేవాడు. ఆ అరచేతిని కొరకాలనిపించేది.

పోయిన వేసవిలో గుండె బాగాలేదని డాక్టరు ఆయన్ని అంగడికి పోవద్దన్నాడు. పట్టాలు ఇంట్లోకి వచ్చేశాయి. నేను చూడబోయినప్పుడు చిన్నది ఒళ్లో పెట్టుకుని చెవి పుల్లతో తుడుస్తున్నాడు.

"ఏం అల్లుడా, దీని మీదనే గదా నీ కన్ను?"

"కన్ను కాదు మామా. రెండు కళ్లూ."

"సరే అట్లయితే. నేను పోయినాక కర్మ నాడు నా ఫోటో సుట్టూ పట్టా ఏసి దీన్ని నువ్వే నడిపించల్ల. ఏలు పెట్టకుండా ఒక సుట్టు తిరిగితే నీది. ఆగిందా, మీ అత్త అద్దాల బీరువాలో పెట్టి తాళమేస్తాది. ఇంగ అది బొమ్మే."

"ఏం మాటలివి, సందకాడ," అని అత్త కసిరింది. ఆయన నవ్వాడు. నేను కూడా నవ్వాను. కానీ లోపల ఆ షరతును జాగ్రత్తగా మడిచి పెట్టుకున్నాను. ఫోనులో నేను అన్న మొదటి మాటకు మూలం ఇదీ.

కర్మకు ముందు రోజు ఇంజను నా చేతికి వచ్చింది. తుడిచి నూనె వేద్దామని అడుగు రేకు విప్పాను. వెనక ఇరుసు బిగించి ఉంది. ముందు ఇరుసు మధ్యలో ఒక సిరంజి సూది ముక్క. దాని మీద ఇరుసు అటూ ఇటూ చిన్నగా ఊగుతోంది. నా ముక్కాలి పీట!

"అత్తా!" అని నేను అరిచిన అరుపుకు ఆమె వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. చూపించాను. ఆమె చూసి, మూతికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"పలమనేరు నుంచి వచ్చినాక వారం దినాలు దాంతోనే కుస్తీ పట్నాడు అబ్బయ్యా. 'నా కొడుకు, పొయ్యి కాడ కూసోని కనిపెట్నాడే, నాకు ఇన్నేండ్లూ తట్టలేదే' అని ఒకటే గొణుగుడు. నీకు మాత్రం సెప్పొద్దన్నాడు. 'వానికి తెలిస్తే ఇంగ నన్ను బతకనిస్తాడా?' అన్నాడు."

"మరి ఆ రోజు అంతమందిలో నవ్వినాడే!"

"కుళ్లు. ఇంకేముండాది? మీ ఇద్దురికీ ఒకటే జబ్బు, దానికి మందు మాత్రం అంగట్లో పెట్టుకోలేదు." అత్త ఇంజను కిందికీ పైకీ చూసింది. "నీ బండిని కూడా తెస్తావేమోనని ప్రతి దసరాకూ పట్టా ఇంకొంచెం పొడుగు జేసేవాడు. రెండూ పట్టల్ల గదా అని."

ఆయన నాకన్నా బాగా నడిపాడని ఇన్నేళ్లు కుళ్లుకున్నాను. ఆయన నాకన్నా బాగా కుళ్లుకున్నాడని ఆ పూట తెలిసింది. అందులోనూ రెండో స్థానమే.

కర్మ నాడు హాల్లో ఫోటో, ఫోటో చుట్టూ పొడుగు పట్టా. పొద్దున్నే స్పిరిట్‌తో అంతా తుడిచాను. సిరంజితో చుక్క వేశాను, ఊపిరి బిగబట్టే వేశాను. గంధం తీసే పని కూడా నాదే కాబట్టి చేతులు కడుక్కుని అదీ చేశాను. అత్త ఫోటో ముందు అగరొత్తులు వెలిగించింది. కిటికీ దగ్గరకు తీసుకెళ్లే మనిషి లేడు. ఆ మనిషి ఫోటోలో ఉన్నాడు. నాకు గుర్తే రాలేదు.

కరెంటు ఇచ్చాను. చిన్నది కదిలింది. చుట్టాలంతా మాటలు ఆపేశారు. తలనొప్పి మాత్ర అవ్వ కూడా వచ్చి గడప దగ్గర కూర్చుంది. తలుపు వైపు మలుపు తిరిగింది, మూలగలేదు. అతుకు దాటింది, తూలలేదు. నేను వెన్ను తిప్పి నిలబడాలనుకున్నాను, ఒక్కసారైనా. ధైర్యం చాల్లేదు. చివరి వైపు, సరిగ్గా ఫోటో ముందుకు వచ్చాక, అగరొత్తి నుసి పొడుగ్గా వంగి, విరిగి, పట్టా మీద పడింది. అప్పుడు అర్థమైంది, పండుగనాడు మామ అగరొత్తులు కిటికీకి ఎందుకు మోశాడో. ఇంజను ఆ నుసి మీదికి ఎక్కింది. నిలబడింది.

అదే క్షణంలో పురోహితుడు, "అందరూ కళ్లు మూసుకుని నమస్కారం చేసుకోండి," అన్నాడు.

అందరూ కళ్లు తెరిచేసరికి చిన్నది ఫోటోను దాటి, మొదలైన చోటికి వెళ్తోంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఎట్ల తిరిగిందిరా అంత సక్కగా? నువ్వేం జేసినావు?" అంది. అత్త బీరువా తాళం చెవులు నడుముకే ఉంచుకుని, ఇంజను తీసి నా చేతిలో పెట్టింది. చుట్టాల్లో కొందరు లోపల బ్యాటరీ దాచాడన్నారు, కొందరు కొత్త మోటారు మార్చాడన్నారు. అవేవీ నేను చేయలేదు.

నేను చేసింది ఒక్కటే. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను మూసుకోలేదు. ఫోటోలో ఆయనా మూసుకోలేదు. ఆయన చూస్తుండగానే వేలు పెట్టాను. ఆ వేలికి గంధం ఉంది. ఇవాళ నా బల్ల మీద చిన్నది తిరుగుతున్నప్పుడు దాని కప్పు మీద పసుపుపచ్చగా, గీతలతో సహా, ఆ వేలిముద్ర కనపడుతుంది. చెవి పుల్లా స్పిరిట్టూ పక్కనే ఉన్నాయి. ఇంజనంతా తుడుస్తాను, ఆ ఒక్కచోటు తప్ప.